ఫైలు ఫోల్డర్‌లోనే ఉంది, అయినా దొరకలేదంటోందా? లింకులు చూడండి

లక్షణం: ఇంట్లో డబ్ల్యూఎస్ఎల్‌లో (విండోస్ లోపలే లైనక్స్ నడిపే ఏర్పాటు) బిల్డ్ చేస్తే నడిచింది. అనంతపురంలో కాలేజీ ల్యాబ్ ఉబుంటు మీదికి తెచ్చేసరికి ‘కెనాట్ ఓపెన్ షేర్డ్ ఆబ్జెక్ట్ ఫైల్’ అంటోంది. "ఫైలు ఈడే ఉంది గదన్నా" అని స్క్రీన్‌షాట్ పంపిస్తారు. ప్రాజెక్ట్ రివ్యూ రోజైతే ఆ టెన్షన్ చెప్పనక్కర్లేదు.

పంపేముందు ఎర్రర్‌లోని పేరును చివరి అంకె దాకా చదవండి, నాయనా. ఉదాహరణకు, అది అడుగుతున్నది లిబ్‌పంట.ఎస్ఓ.2. మీ దగ్గరున్నది లిబ్‌పంట.ఎస్ఓ. లైనక్స్‌కు ఇవి రెండు వేరు పేర్లు.

మామూలుగా షేర్డ్ లైబ్రరీకి (ప్రోగ్రాం నడిచేటప్పుడు తెచ్చుకునే కోడ్ ఫైలు, లైనక్స్‌లో ‘.ఎస్ఓ’) మూడు పేర్లుంటాయి. అసలు కోడ్ లిబ్‌పంట.ఎస్ఓ.2.1.0లో ఉంటుంది. మిగతా రెండూ లింకులు, అంటే వేరే ఫైలును చూపించే పేర్లు: అంకె లేనిది లింకర్ (బిల్డ్‌లో లైబ్రరీని ప్రోగ్రాంకు కలిపే టూల్) కోసం, ‘.2’తో ఆగేది ప్రోగ్రాం నడిచేటప్పుడు. ఆ ‘.2’ పేరే సోనేమ్. అది లైబ్రరీ లోపల రాసి ఉంటుంది, లింక్ చేసినప్పుడు మీ ప్రోగ్రాంలోకీ ఎక్కుతుంది. బయట ఫైలు పేరు మార్చినా లోపలిది మారదు. ‘రీడ్‌ఎల్ఫ్ మైనస్ డీ’ కొట్టి, లైబ్రరీలోని సోనేమ్, ప్రోగ్రాంలోని నీడెడ్ (అది అడిగే పేరు) ఒకటేనా చూడండి.

ఒకటే అయినా నడవకపోతే, నన్ను ఎక్కువగా ఏడిపించిన కారణం ఇది కావచ్చు: దారిలో లింకులు చచ్చిపోవడం. పెన్‌డ్రైవ్‌లోని ఫ్యాట్‌32 ఫైల్ సిస్టమ్‌కి ఈ లింకులంటే ఏమిటో తెలియదు. విండోస్‌లో గిట్‌తో క్లోన్ చేస్తే, సిమ్‌లింక్ (ఈ లింకులే) సెట్టింగ్ ఆఫ్‌లో ఉన్నప్పుడు, లింకు స్థానంలో ఒక చిన్న టెక్స్ట్ ఫైలు వస్తుంది. దాంట్లో అసలు ఫైలు పేరు తప్ప ఇంకేమీ ఉండదు. అప్పుడు ఎర్రర్ ‘ఫైల్ టూ షార్ట్’.

ఇంకా దుర్మార్గమైనది జిప్. మామూలుగా కొడితే లింకును వదిలేసి, అది చూపే ఫైలునే మళ్ళీ నింపుతుంది. విప్పితే ఒకే సైజులో మూడు ఫైళ్లు. ఎర్రర్ రాదు, నడుస్తుంది కూడా. తర్వాత బగ్ సరిచేసి కొత్త 2.1.0 పెడతారు, కానీ ప్రోగ్రాం పాత ‘.2’ కాపీనే ఎత్తుకుంటుంది. బగ్ పోలేదేమని కోడంతా తవ్వుతూ కూర్చుంటారు.

‘ఎల్ఎస్ మైనస్ ఎల్’ కొట్టండి. లింకు వరసలో మొదటి అక్షరం ‘ఎల్’, చివర బాణం గుర్తు ఉండాలి. లేకపోతే ఆ రెండు దొంగ ఫైళ్లను తీసేయండి. ‘ఎల్‌డీకాన్ఫిగ్ మైనస్ ఎన్’కు ఆ ఫోల్డర్ ఇస్తే సోనేమ్ లింకు తయారవుతుంది. అంకె లేనిదాన్ని ‘ఎల్ఎన్ మైనస్ ఎస్’తో మీరే పెట్టుకోవాలి. ఇకపై జిప్ బదులు టార్ చేసి తెచ్చుకోండి. విప్పడం మాత్రం లైనక్స్ డిస్క్ మీదే, పెన్‌డ్రైవ్‌లో వద్దు.

ఇంకొన్ని చిక్కులు. బిల్డ్ టూల్ సీమేక్‌లో టార్గెట్‌కే ‘లిబ్‌పంట’ అని పేరు పెడితే లిబ్‌లిబ్‌పంట పుడుతుంది, ‘లిబ్’ తీసేయండి. విండోస్‌లో విజువల్ స్టూడియో పంట.డీఎల్ఎల్ ఇస్తుంది, మింజీడబ్ల్యూ (విండోస్‌కు జీసీసీ కంపైలర్) పేరు ముందు ‘లిబ్’ తగిలిస్తుంది. మ్యాక్‌లో అంకె ముందే వస్తుంది: లిబ్‌పంట.2.డైలిబ్, అక్కడ ‘ఓటూల్ మైనస్ క్యాపిటల్ ఎల్’తో చూడండి. 32, 64 బిట్ గొడవైతే ‘రాంగ్ ఈఎల్ఎఫ్ క్లాస్’ అని ఎర్రరే చెప్పేస్తుంది.