కయాక్‌లో చేపల వేటకు సముద్రానికి వెళ్తున్నారా?

మన కడప నుంచి వెళ్లి గండికోట దగ్గర పెన్నాలో కయాక్ (తెడ్డుతో నడిపే సన్నని చిన్న పడవ) నేర్చుకుని, గాలాలతో నేరుగా మైపాడు తీరానికి బయల్దేరే తమ్ముళ్లకు ఒక మాట. సముద్రంలో గాలితోనే అసలు ప్రమాదం. తెల్లవారుజామున నేల మీది నుంచి గాలి వీస్తుంటే ఒడ్డున నీళ్లు నిమ్మళంగా కనిపిస్తాయి. లోపలికి పోయాక అదే గాలి వెనక్కి రానివ్వదు. ముందురోజే ఇన్‌కాయిస్ (కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ) ఇచ్చే సముద్ర సూచన చూడండి. అక్కడి జాలర్లు వద్దంటే ఆగిపోండి.

లైఫ్ జాకెట్ ఒంటి మీదే ఉండాలి, కయాక్‌లో పడేయడం కాదు. బోల్తా పడితే తిరిగి ఎక్కడం లోతు లేని నీళ్లలో పదిసార్లు సాధన చేయండి. అది రాకుండా గాలం ముట్టొద్దు. తెడ్డును కయాక్‌కు తాడుతో కట్టండి. ఫోన్ నీళ్లు చొరని కవర్లో మెడకు ఉండాలి. కోస్ట్ గార్డ్ నంబరు 1554.