వానలకు ముందు డాబా మీద వాటర్‌ప్రూఫ్ కోటింగ్: జాగ్రత్తలు

హైదరాబాదులో రుతుపవనాలు మామూలుగా జూన్ మొదటి, రెండో వారాల్లో అందుకుంటాయి. పని మే 20 లోపు ముగిసేలా పెట్టుకోండి. నెలాఖరులో ఈదురుగాలితో వచ్చే వాన ఆరని కోటింగ్‌ను కడిగేస్తుంది.

కోటింగ్ ఊడిపోతే అందరూ డబ్బాను తిడతారు. చాలాసార్లు అది ఊడింది స్లాబ్ నుంచి కాదు, స్లాబ్ మీదున్న దుమ్ము, నాచు, సున్నం పొర నుంచి. దానికి పట్టుకున్న కోటింగ్ దానితోపాటే లేచి వస్తుంది. ముఖ్యంగా ఓవర్‌హెడ్ ట్యాంక్ పొంగే చోట చూడండి. బోరు నీటి ఉప్పు తెల్లగా పేరుకుని ఉంటుంది, దాన్ని వైర్ బ్రష్‌తో గీకాల్సిందే. నాచుకు బ్లీచింగ్ నీళ్లు పోసి, రుద్ది, బాగా కడగండి. బాత్‌రూమ్ యాసిడ్ మాత్రం వద్దు: సరిగా కడగకపోతే అందులోని క్లోరైడ్ పగుళ్లలోంచి దిగి ఇనుప చువ్వలను తినేస్తుంది.

కడిగి ఆరాక నాలుగైదు చోట్ల నీళ్లు చిలకరించండి. నీరు వెంటనే పరుచుకుని ఇంకితే మంచిది. ముత్యాల్లా నిలబడితే అక్కడ నూనో, పాత సిలికోన్ పూతో ఉన్నట్టు. నీరే తడపలేని చోట నీటితో చేసిన యాక్రిలిక్ కోటింగ్ (డాబాలకు పూసే ప్లాస్టిక్ రకం పూత) కూడా తడపలేదు, తడపనిది అంటుకోదు. అక్కడ గ్రైండర్ పట్టించి కొత్త ఉపరితలం తీయాలి. పాత కోటింగ్ ఉంటే కత్తితో ఇంటూ గుర్తు గీసి, టేప్ గట్టిగా అద్ది లాగండి. పెచ్చు వస్తే, ఆ ప్రాంతం మొత్తం గీకాలి.

యాక్రిలిక్‌కు స్లాబ్ ఆరి ఉండాలి. చెమ్మ పరీక్షకు మూరెడు చదరం ప్లాస్టిక్ షీటు నాలుగు అంచులూ టేపుతో అంటించి రాత్రంతా, కనీసం 16 గంటలు, ఉంచండి. కింద నీటి చుక్కలు పట్టినా, స్లాబ్ నల్లబడినా ఇంకా ఆరలేదు. అలాగే పూస్తే ఎండకు లోపలి తడి ఆవిరై పొక్కులు లేపుతుంది. కొత్త స్లాబ్ అయితే 28 రోజులు ఆగాలి. సిమెంటు ఆధారిత రెండు భాగాల (పొడి, ద్రవం కలిపి వాడే) కోటింగుకు మాత్రం ఉపరితలం తడిగా, నీరు నిలవకుండా ఉండాలి. మేస్త్రీలు ఈ రెండింటినీ కలగలిపేస్తారు, కాబట్టి డబ్బా మీద ఏముందో మీరే చదవండి.

పూసే వేళ సాయంత్రం. పొద్దున వేడెక్కుతున్న స్లాబ్ రంధ్రాల్లోని గాలి వ్యాకోచించి పూతలోంచి బయటికొస్తుంది, సూదిమొన చిల్లులు పడతాయి. మధ్యాహ్నం అయితే పైపొర క్షణాల్లో గట్టిపడి, కింద రంధ్రాల్లోకి దిగే సమయమే ఉండదు. ఎండ తగ్గి స్లాబ్ చల్లబడుతున్నప్పుడు అదే గాలి కుంచించుకుని పూతను లోపలికి లాక్కుంటుంది.

రెండు భాగాల కోటింగును నెమ్మదిగా తిరిగే డ్రిల్లుతో, నిమిషానికి 300-400 చుట్ల వేగంతో కలపండి. వేగం పెంచితే బుడగలు దూరతాయి. వేడి 10 డిగ్రీలు పెరిగితే వాడుకునే సమయం దాదాపు సగానికి పడిపోతుంది, అందుకే మేలో చిన్న మోతాదుల్లో కలపాలి. చిక్కబడ్డాక నీళ్లు పోసి పలచన చేయడం తప్పు: రోలర్ తేలిగ్గా సాగుతుంది గానీ పొర సన్నబడి, ఆరాక పగులుతుంది.

మందం లెక్క మీరే వేసుకోండి. చదరపు మీటరుకు 1 లీటరు అంటే తడి పొర 1 మిల్లీమీటరు. వెయ్యి చదరపు అడుగులు, అంటే 93 చదరపు మీటర్లు, 20 లీటర్ల బకెట్‌తో ముగిస్తే తడి పొర 0.2 మిల్లీమీటర్లే. ఘనపదార్థం సగం అనుకుంటే ఆరాక మిగిలేది కాగితం మందం. మేస్త్రీ చెప్పే ధరకు ఒప్పుకునే ముందు కంపెనీ చెప్పిన కవరేజీ అడగండి.

పిట్టగోడ మూలలో స్లాబుతో కలిసేచోట ముందే సిమెంటు మాలుతో గుండ్రంగా దిద్ది, ఫైబర్ మెష్ (సన్నని వల) పెట్టి పూయాలి. లంబకోణం మూలలో పూత సన్నగా సాగి మొదట తెగేది అక్కడే. వాలు లేక నీరు నిలిచే గుంటలను కూడా అప్పుడే పూడ్చండి, యాక్రిలిక్ రోజుల తరబడి నీటిలో ఉంటే మెత్తబడుతుంది.

రెండో కోటు మొదటిదానికి అడ్డంగా, డబ్బా మీద చెప్పిన వ్యవధి ఆగి వేయండి. వారం తర్వాత డాబా నీరు బయటికి పోయే గొట్టం మూసి అంగుళం నీరు కట్టి, 24 గంటలు ఉంచి, కింద పైకప్పు చూడండి. మధ్యలో వాన పడితే తడిసిన భాగం వేలితో రుద్దండి. రంగు చేతికంటితే ఆ చోటు గీకి, ఆరబెట్టి మళ్లీ పూయాలి.