అంటువ్యాధుల నమూనాల పోస్ట్‌డాక్‌కు దరఖాస్తు చేయడం ఎలా?

లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్ వంటి సంస్థలో అంటువ్యాధుల వ్యాప్తిని లెక్కగట్టే గణిత నమూనాలు, ఆరోగ్య ఆర్థికశాస్త్రం కలిసిన పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన ఉద్యోగం) కోరేవారు ప్రకటనలోని ప్రతి అర్హతకూ తమ పని నుంచి ఒక రుజువు చూపాలి. జనాన్ని వ్యాధి సోకే అవకాశమున్నవారు, సోకినవారు, కోలుకున్నవారుగా విడదీసి 1927లో కెర్మాక్, మెకెండ్రిక్ ప్రతిపాదించిన నమూనాను ‘ఆర్’ ప్రోగ్రామింగ్ భాషలో రాయగలిగితే చాలదు. వ్యాప్తి తగ్గడం వల్ల టీకా వేయించుకోని పిల్లలకూ కలిగే రక్షణను లెక్కించకపోతే టీకా విలువ తక్కువగా తేలుతుందని, అందుకే టీకాల విషయంలో కాలంతో మారే వ్యాప్తి నమూనా అవసరమని వివరించగలగాలి. భవిష్యత్తు ఖర్చులకూ ప్రయోజనాలకూ ఏ డిస్కౌంట్ రేటు (వాటిని నేటి విలువకు తగ్గించే వార్షిక శాతం) వాడారో (బ్రిటన్‌లో చికిత్సల విలువను అంచనా వేసే సంస్థ నైస్ సాధారణంగా సూచించేది 3.5 శాతం), దాన్ని మారిస్తే ఫలితం ఎంత కదిలిందో చెప్పడానికి సిద్ధపడాలి. నా మటుకు, పొడవైన ప్రచురణల జాబితా కంటే ఇతరులు నడిపి చూడగల కోడ్ ఒక్కటి, కోడ్ పంచుకునే వెబ్‌సైట్ గిట్‌హబ్‌లో ఉండడమే మేలు. ఈ పదవులు చాలావరకు గ్రాంటు ఉన్నన్నాళ్లే కాబట్టి, కాలపరిమితిని చేరకముందే అడిగి తెలుసుకోవాలి.