ట్రెజరీ ఉద్యోగం: ఆదోని మిల్లు నుంచి ఎలా మొదలుపెట్టాలి?

బీకాం చదివిన మన కర్నూలు జిల్లా పిల్లలకు సాధారణంగా కనిపించేవి రెండే దారులు: ఆడిటరు ఆఫీసు, బ్యాంకు పరీక్షలు. కార్పొరేట్ ట్రెజరీ గురించి చెప్పేవారు తక్కువ. ఏ రోజు ఎంత సొమ్ము వస్తుందో, ఎంత కట్టాలో ముందే లెక్కగట్టడం, చాలకపోతే తక్కువ వడ్డీకి అప్పు తేవడం, మిగిలితే భద్రంగా మదుపు చేయడం ఆ విభాగం పని. లాభాల్లో ఉన్న కంపెనీ కూడా జీతాల రోజున ఖాతాలో డబ్బు లేక చిక్కుల్లో పడగలదు. ఈ పని తెలిసినవారికి విలువ అందుకే.

1. దగ్గరలోని మిల్లులో చేరండి

పెద్ద కంపెనీ పిలుపు కోసం కూర్చోకండి. ఆదోనిలో పత్తి నుంచి గింజలు వేరుచేసే ఒక జిన్నింగ్ మిల్లు అకౌంట్స్‌లో పత్తి సీజను మొత్తం పనిచేయండి. రైతుకు డబ్బు త్వరగా ఇవ్వాలి. దూది బేళ్లు అమ్మిన సొమ్ము చేతికి అందడానికి వారాలు పట్టవచ్చు. ఈ మధ్యకాలాన్ని మోసేది బ్యాంకు క్యాష్ క్రెడిట్ ఖాతా, అంటే ఒక పరిమితి లోపల అవసరమైనప్పుడు తీసుకుంటూ, వచ్చినప్పుడు కడుతూ ఉండే అప్పు ఖాతా.

ఆ ఖాతాకు 5 కోట్ల లిమిట్ ఉందని 5 కోట్లూ వాడుకోనివ్వరు. నెలనెలా సరుకు, బాకీలు చూపుతూ ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్‌ను బట్టి డ్రాయింగ్ పవర్, అంటే నిజంగా వాడుకోగలిగే మొత్తం, తేలుస్తారు. సరుకు 4 కోట్లు, రావలసిన బాకీలు 2 కోట్లు, సరుకు ఇచ్చినవారికి కట్టవలసింది 1 కోటి అనుకుందాం. నికరంగా 5 కోట్లు. బ్యాంకు మార్జిన్ (అప్పు ఇవ్వకుండా మినహాయించే వాటా) 25 శాతమైతే వాడుకోగలిగింది 3.75 కోట్లే. ఈ లెక్క మీ చేత్తో వేసి, బ్యాంకు మేనేజరు అడిగే ప్రశ్నలకు మీరే జవాబివ్వండి. తరగతి గదిలో ఇంత బాగా వంటబట్టదు.

2. పదమూడు వారాల నగదు అంచనా వేయండి

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ఎక్సెల్‌లో వారానికొక నిలువు వరుస పెట్టి రాబడి, చెల్లింపులు, ముగింపు నిల్వ రాయండి. తప్పించుకోలేని తేదీలు ముందు వేయండి: టీడీఎస్ (చెల్లింపుల్లో ముందే పట్టుకున్న పన్ను) సాధారణంగా 7న, పీఎఫ్ 15న, నెలవారీ జీఎస్‌టీ రిటర్ను 20న. అడ్వాన్స్ ట్యాక్స్ జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలల 15న. ప్రతి సోమవారం గత వారపు అంచనానూ అసలు అంకెనూ పక్కపక్కన పెట్టి, తేడా ఎందుకొచ్చిందో ఒక వాక్యం రాయండి. కొన్ని నెలలకు ఏ పార్టీ (సరుకు కొన్నవారు) ఎన్ని రోజులు ఆలస్యం చేస్తుందో మీకు కంఠతా వస్తుంది.

3. ఊరికే పడి ఉన్న డబ్బును పట్టుకోండి

ఒక బ్యాంకు కరెంటు ఖాతాలో 50 లక్షలు వడ్డీ లేకుండా ఉంటాయి. మరో బ్యాంకులో అదే కంపెనీ 10 శాతం వడ్డీకి అప్పు వాడుతుంటుంది. రోజుకు సుమారు 1,370 రూపాయలు వృథా. పెద్ద మొత్తాలను ఒక బ్యాంకు నుంచి మరో బ్యాంకుకు వెంటనే పంపే ఆర్‌టీజీఎస్ 2020 డిసెంబరు నుంచి రోజంతా, సెలవుల్లోనూ నడుస్తోంది కనుక శుక్రవారం మరచిపోయామన్న సాకు చెల్లదు.

4. డాలరుతో జూదం ఆడకండి

గ్రానైట్ ఎగుమతిదారుకు మూడు నెలల తర్వాత లక్ష డాలర్లు రావాలి. డాలరు ఒక్క రూపాయి పడితే లక్ష రూపాయలు పోయినట్టే. బ్యాంకుతో ఫార్వర్డ్ కాంట్రాక్టు చేసుకుంటే ధర ఇప్పుడే ఖాయమవుతుంది. రేపు డాలరు పెరిగితే ఆ లాభం రాదు, దానికి బాధపడకూడదు. రేటు పెరుగుతుందని పందెం కాసేవారిని ట్రెజరీలో ఉంచకూడదని నా గట్టి అభిప్రాయం.

5. చెల్లింపుల్లో మొండిగా ఉండండి

ఒకరు నమోదు చేస్తే వేరొకరు ఆమోదించాలి. ‘మా బ్యాంకు ఖాతా మారింది’ అని సరఫరాదారు పేరుతో మెయిల్ వస్తే, అందులోని నంబరుకు ఫోను చేయకండి. మీ రికార్డుల్లో ఉన్న పాత నంబరుకే చేసి అడగండి. యజమాని తొందరపెట్టినా ఆగండి.

6. చదువు, తర్వాత ప్రయత్నం

సీఏ, సీఎంఏ, ఎంబీఏ ఫైనాన్స్‌లో ఏదైనా పనికొస్తుంది. తక్కువ ఖర్చుతో మొదలుపెట్టాలంటే సెబీ ఏర్పాటుచేసిన విద్యాసంస్థ ఎన్‌ఐఎస్‌ఎం పెట్టే కరెన్సీ డెరివేటివ్స్ (విదేశీ కరెన్సీ రేట్ల ఒప్పందాల) పరీక్ష రాయండి. అమెరికా సంస్థ ఏఎఫ్‌పీ ఇచ్చే సీటీపీ (ట్రెజరీ నిపుణుల సర్టిఫికెట్) గురించి అనుభవం వచ్చాక ఆలోచించవచ్చు.

హైదరాబాద్, బెంగళూరుల్లో విదేశీ కంపెనీల ట్రెజరీ పనులు చేసే బృందాలున్నాయి. ట్రెజరీ అనలిస్ట్, క్యాష్ మేనేజ్‌మెంట్ పేర్లతో వెతకండి. ఇంటర్వ్యూకు మీ పదమూడు వారాల షీటు పట్టుకెళ్లండి. అయితే మిల్లు పేరు, పార్టీల పేర్లు, అసలు అంకెలు తీసేసి, ఊహించిన అంకెలతో కొత్తగా తయారుచేసినదే చూపించండి.