పచ్చళ్ల సైటును చివరి పేజీ నుంచి సరిచేయడం ఎలా

బెంగళూరు మారతహళ్లిలోనో బీటీఎం లేఅవుట్‌లోనో పచ్చళ్లు, పొడులు అమ్మే తెలుగువాళ్లు సైటు చేయించుకునేటప్పుడు చర్చంతా మొదటి పేజీ మీదే నడుస్తుంది. ఏ రంగు వేయాలి, ఎంత పెద్ద ఫొటో పెట్టాలి, ఫొటోలు వాటంతటవే మారుతూ ఉండాలా అని. (వద్దు. రెండో ఫొటో వచ్చేలోపే జనం కిందికి జరిపేస్తారు.) ఆర్డర్లు జారిపోయేది చిరునామా రాసే దగ్గర, డబ్బు కట్టే దగ్గర. అందుకే పని చివరి పేజీలో మొదలుపెట్టి వెనక్కి రండి.

డబ్బు కట్టే పేజీ

కొనేవాళ్లు ఫోన్‌లోనే ఉంటారు. ఆ తెర మీదే క్యూఆర్ కోడ్ చూపిస్తే దాన్ని దేనితో స్కాన్ చేయాలి? ఫోన్‌లో యూపీఐ యాప్‌ను నేరుగా తెరిచే బటన్ ఇవ్వండి, క్యూఆర్‌ను కంప్యూటర్‌లో చూసేవాళ్లకు ఉంచండి.

అసలు చిక్కు యాప్ తెరిచాక వస్తుంది. ర్యామ్ తక్కువున్న ఫోన్లలో, యూపీఐ యాప్‌లోకి వెళ్లగానే మీ పేజీ మెమరీలోంచి పోవచ్చు. తిరిగొచ్చేసరికి పేజీ మళ్లీ మొదటి నుంచి లోడవుతుంది. డబ్బు కట్ అయింది, కార్ట్ ఖాళీ. ‘కట్టేశానండీ, ఆర్డర్ ఏదీ?’ అన్న ఫోన్లు చాలావరకు ఇక్కడి నుంచే వస్తాయి. కాబట్టి ‘డబ్బు కట్టండి’ నొక్కగానే, యాప్ తెరవక ముందే, సర్వర్‌లో ఆర్డర్ నంబరు వేసి ‘పెండింగ్’ అని రాసుకోండి. డబ్బు అందిన కబురు పేమెంట్ గేట్‌వే (మీ తరఫున డబ్బు తీసుకునే సంస్థ) నుంచి మీ సర్వర్‌కే వెబ్‌హుక్‌గా, అంటే సర్వర్ నుంచి సర్వర్‌కు నేరుగా వచ్చే సందేశంగా, రావాలి. కొనేవాళ్ల బ్రౌజర్ తిరిగొచ్చి చెబుతుందని నమ్ముకోవద్దు. గేట్‌వే ఒకే కబురు రెండుసార్లు పంపే వీలుంది, ఆర్డర్ నంబరు చూసి రెండోదాన్ని వదిలేయాలి. లేదంటే ఒకే ఇంటికి గోంగూర రెండుసార్లు వెళ్తుంది.

కబురు రాని ఆ కొద్ది సెకన్లు తిరిగే చక్రం ఒక్కటే చూపిస్తే కంగారుపడి మళ్లీ కడతారు. ఆర్డర్ నంబరు వేసి, ‘బ్యాంకు నుంచి సమాచారం రావాలి, మళ్లీ కట్టకండి’ అని రాయండి.

చిరునామా

బెంగళూరు చిరునామాకు దానిదైన తీరు ఉంది: ఇంటి నంబరు, క్రాస్ (అడ్డ వీధి), మెయిన్ (ప్రధాన వీధి), స్టేజ్ లేదా బ్లాక్, లేఅవుట్ (కాలనీ). 5వ క్రాస్ ప్రతి లేఅవుట్‌లోనూ ఉంటుంది, కాబట్టి లేఅవుట్ పేరు తప్పనిసరి చేయండి. క్రాస్, మెయిన్‌లకు విడివిడి గడులు పెట్టొద్దు. మెయిన్ లేని వీధిలో ఉన్నవాళ్లు ఆ గడిలో చుక్క పెట్టి ముందుకెళ్తారు. ఆ రెండింటికీ కలిపి ఒకే పెద్ద గడి చాలు. దాని కింద ‘టవర్ లేదా పీజీ పేరు’, ‘దగ్గర్లో గుర్తు’ అని రెండు గడులు, తప్పనిసరి కాకుండా.

పిన్‌కోడ్ మాత్రం అన్నిటికన్నా ముందు అడగండి, వీలైతే పచ్చడి పేజీలోనే. డెలివరీ చార్జీ ఎంతో అక్కడే తేలిపోతే చివర్లో వెనక్కి తిరిగేవాళ్లు తగ్గుతారు.

ఫోన్ నంబరు గడికి 10 అంకెల హద్దు పెట్టడం మామూలుగా జరిగే తప్పు. ఫోన్ దానంతటదే నింపే నంబరు ముందు ప్లస్ 91 ఉండొచ్చు. కాపీ చేసి అతికించినా అంతే. హద్దు పెడితే చివరి అంకెలు తెగిపోతాయి, కొనేవాళ్లు గమనించరు, డెలివరీ అబ్బాయి తప్పు నంబరుకు ఫోన్ చేస్తాడు. ఎంత పొడవున్నా తీసుకుని, ఖాళీలు, ప్లస్ గుర్తు, ముందున్న 91, సున్నా మీరే తీసేసి, మిగిలినవి 10 అంకెలా కాదా అని చూడండి. 91 తీసేది మొత్తం 12 అంకెలున్నప్పుడే, ఎందుకంటే 91తో మొదలయ్యే మొబైల్ నంబర్లూ ఉన్నాయి. ఓటీపీకి ఆరు చిన్న గడులు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గానీ, అతికించేటప్పుడు తరచూ మొరాయిస్తాయి. ఒకే గడి పెట్టి, కోడ్‌లో దాని ఆటోకంప్లీట్ విలువ ‘వన్-టైమ్-కోడ్’ (one-time-code) ఇస్తే ఎస్ఎంఎస్‌లోని అంకెలను ఫోనే అందించగలదు.

గడుల్లో అక్షరం 16 పిక్సెళ్లకు తగ్గితే ఐఫోన్ సఫారీ గడిని తాకగానే పేజీని జూమ్ చేసేస్తుంది. సైటు పాడైందనుకుంటారు.

తెలుగు అక్షరం

ఇంగ్లిష్ కోసం తయారైన టెంప్లేట్‌లో తెలుగు పోస్తే ముందు తెగేవి వత్తులు. లైన్-హైట్ (వరుస ఎత్తు, అక్షరం సైజుకు ఎన్ని రెట్లో) 1.2 దగ్గర ఉంటే పై వరుస వత్తు, కింది వరుస గుడి ఢీకొంటాయి. 1.7తో మొదలుపెట్టండి, అక్షరం సైజు 18 పిక్సెళ్లు. ఫాంటు మారిస్తే అదే 18 చిన్నదిగా కనిపించవచ్చు, కళ్లతో చూసి పెంచండి. బటన్లకు ఎత్తు బిగించకుండా పైనా కిందా ప్యాడింగ్ (లోపలి ఖాళీ) ఇవ్వండి. లెటర్-స్పేసింగ్ (అక్షరాల మధ్య అదనపు ఎడం) సున్నా ఉండాలి.

పేరు పొడవైతే కోడ్‌తో ఇన్ని అక్షరాలకు కోయడం ఇంకో ప్రమాదం. ‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరం, కంప్యూటర్ లెక్కలో ఆరు. మధ్యలో కోస్తే పొల్లు మిగులుతుంది. ఆ పని సీఎస్ఎస్ (పేజీ రూపాన్ని నిర్ణయించే కోడ్)లోని లైన్-క్లాంప్‌కు వదిలేయండి, అది ఇన్ని వరుసల తర్వాత మిగతాది దాచేస్తుంది. పరీక్షకు ‘రాష్ట్రం’, ‘లక్ష్మి’, ‘స్త్రీ’ ఉన్న వాక్యం ఒకటి ప్రతి బటన్‌లో, ప్రతి శీర్షికలో పెట్టి చూడండి.

కార్ట్, ఆర్డర్, డెలివరీ అలాగే ఉంచండి. ‘క్రయ పేటిక’ అంటే ఎవరికీ తెలియదు. ఆవకాయను ఇంగ్లిష్ అక్షరాల్లో వెతికేవాళ్లు చివరి ‘య’తోనూ రాస్తారు, లేకుండానూ రాస్తారు. తోచిన స్పెల్లింగులన్నీ వెతుకు జాబితాలో చేర్చండి.

వేగం సంగతి క్లుప్తంగా: ప్రధాన ఫొటో లేదా శీర్షిక 2.5 సెకన్లలోపు కనిపించాలన్నది గూగుల్ పెట్టిన గీత. ఫోన్‌తో తీసిన ఫొటోను అలాగే ఎక్కించకుండా 1200 పిక్సెళ్ల వెడల్పుకు తగ్గించి వెబ్‌పీగా (తక్కువ సైజులో ఉండే ఫొటో ఫార్మాట్) మార్చండి. వెడల్పు, ఎత్తు కోడ్‌లో రాయండి, అప్పుడు ఫొటో వచ్చేటప్పుడు బటన్ కిందికి దూకదు. మొదటి ఫొటోకు లేజీ లోడింగ్ (తెర మీదికి వచ్చేవరకు ఆగి లోడ్ చేయడం) పెట్టొద్దు.

చివరగా ఐదుగురికి ఫోన్ ఇవ్వండి, అందులో ఒకరైనా యాభై దాటినవాళ్లు ఉండాలి. ‘అర కిలో ఆవకాయ మీ ఇంటికి తెప్పించుకోండి’ అని మాత్రం చెప్పి పక్కన కూర్చోండి. వాళ్లదే ఫోన్, వాళ్లదే సిమ్, ఒక చేత్తోనే, మీ వైఫై లేకుండా. వాళ్లు ఆగిన చోట మీరు నోరు విప్పొద్దు, ఏ గడి దగ్గర ఆగారో రాసుకోండి. ఇద్దరు ఒకే చోట ఆగితే మిగతా ముగ్గురి కోసం ఎదురుచూడకుండా ఆ గడిని ఆ రోజే మార్చేయండి.