పాత బోటు ఇంజిన్‌కు స్పేర్లు వెతికేటప్పుడు

విశాఖ, కాకినాడ, నిజాంపట్నం రేవుల్లో మరబోట్లకు బిగించిన పాత అశోక్ లేలాండ్ ఇంజిన్లు చాలావరకు లారీ ఇంజిన్లే, సముద్రానికి తగ్గట్టు మార్చినవి. కాబట్టి పిస్టన్లు, రింగులు, లైనర్లు, బేరింగులు, వాల్వులు, హెడ్ గ్యాస్కెట్ లాంటివాటి కోసం ముందు విజయవాడ ఆటోనగర్‌లోనో గాజువాక ఆటోనగర్‌లోనో లారీ స్పేర్ల షాపుల్లో అడగండి. అసలు వెతుకులాట పడవకే ప్రత్యేకమైన వాటికి దాచుకోవాలి: హీట్ ఎక్స్‌ఛేంజర్ (ఇంజిన్ నీటిని ఉప్పునీటితో చల్లార్చే గొట్టాల పెట్టె), నీటి జాకెట్ ఉన్న ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్, ఉప్పునీటి పంపు, ఆయిల్ కూలర్, గేర్‌బాక్సు.

షాపుకు వెళ్లి "400 ఇంజిన్‌కు పిస్టన్ కావాలి" అంటే సరిపోదు. 400, 680 అనేవి ఘనపుటంగుళాల్లో ఇంజిన్ సైజు (సుమారు 6.5 లీటర్లు, 11.1 లీటర్లు). ఒకే సైజులో ఏళ్లు గడిచేకొద్దీ మార్పులొచ్చాయి. బోరు ఒకటే అయినా పిన్ను మధ్య నుంచి పిస్టన్ నెత్తి వరకు ఎత్తు, నెత్తిమీది గుంట ఆకారం తేడా ఉండవచ్చు. తేడా ఉన్న పిస్టన్ వేస్తే కంప్రెషన్ తగ్గి పొగ వస్తుంది, లేదా వాల్వును తాకుతుంది. ఇంజిన్ నంబరున్న రేకు ప్లేటు ఊడిపోయో, వేరే ఇంజిన్‌ది తగిలించో ఉండొచ్చు కనుక బ్లాకు మీద కొట్టిన నంబరునే నమ్మండి. పెయింటు గీకి, డీజిల్‌తో తుడిచి, సుద్దముక్క రుద్దితే అంకెలు తేలతాయి. పోతలో వచ్చిన ఉబ్బెత్తు నంబరు పార్టు నంబరు కాదు. ఒకే పోతను రెండు రకాలుగా మిషనింగ్ చేసి రెండు ఇంజిన్లకు వాడతారు.

ఇంజెక్షన్ పంపుకూ, గేర్‌బాక్సుకూ వేరే ప్లేట్లుంటాయి. మైకో పంపు మీద "పీఈఎస్ 6ఏ 90డీ" అని ఉంటే ఆరు సిలిండర్లు, పంపు సైజు "ఏ", ప్లంజర్ (డీజిల్‌ను నెట్టే కడ్డీ) వ్యాసం 9.0 మిల్లీమీటర్లు అని అర్థం. తర్వాత వచ్చే ఆర్ గానీ ఎల్ గానీ తిరిగే దిక్కు. గేర్‌బాక్సు నిష్పత్తినీ, స్టార్టర్ 12 వోల్టులా 24 వోల్టులా అన్నదీ ఫొటో తీసి పెట్టుకోండి.

క్రాంక్ బేరింగుల దగ్గర డబ్బు ఎక్కువగా పోతుంది. పాత షెల్ (బేరింగు సగం ముక్క) వెనక 0.010, 0.020, 0.030 అంగుళమనో (0.25, 0.50, 0.75 మిల్లీమీటర్లు) కొట్టి ఉంటుంది. అది పోయినసారి క్రాంకును గ్రైండింగ్ చేసిన సైజు. షెల్‌ను చూసి ఆర్డరివ్వకండి, జర్నల్‌ను (క్రాంకు మీద బేరింగు కూర్చునే భాగం) మైక్రోమీటర్‌తో రెండు చివర్లా, రెండు దిక్కులా కొలవండి. తర్వాతి సైజు బేరింగు చేతికొచ్చాకే క్రాంకును గ్రైండింగుకు పంపాలి. ముందే 0.040కి గీయించేసి, ఆ సైజు ఎక్కడా దొరక్కపోతే క్రాంకు పనికిరాకుండా పోతుంది.

ఆయిల్ సీళ్లు, బాల్ బేరింగులు, ఓ-రింగులకు కంపెనీ డబ్బా అక్కర్లేదు. బేరింగు మీద 6309 అని ఉంటే లోపల 45, బయట 100, వెడల్పు 25 మిల్లీమీటర్లు, ఏ మంచి కంపెనీదైనా సరే. సీలుకు షాఫ్టు, గూడు, మందం అనే మూడు కొలతలు చాలు.

ఉప్పునీటి పంపు రబ్బరు ఇంపెల్లర్‌ను (నీటిని తోసే రెక్కల చక్రం) పాతదాన్ని బట్టి కొలిస్తే తప్పుతుంది, దాని రెక్కలు వంగి గట్టిపడి ఉంటాయి. పంపు బాడీ లోపలి వ్యాసం, లోతు, షాఫ్టు వ్యాసం కొలవండి. రెక్కలు ఎన్ని, షాఫ్టుకు పట్టేది కీయా, పిన్నా, పళ్లా అన్నదీ రాసుకోండి. విరిగిన రెక్క ముక్కలు దొరికేదాకా కొత్తది బిగించకండి. అవి హీట్ ఎక్స్‌ఛేంజర్ నోటిదగ్గర ఇరుక్కుని, కొత్త ఇంపెల్లర్ వేశాక కూడా ఇంజిన్ వేడెక్కుతూనే ఉంటుంది.

మ్యానిఫోల్డ్ దొరక్కపోతే పోత పోయించుకోవచ్చు. పాతదాన్నే అచ్చుగా పెట్టి పోయిస్తే మాత్రం చిక్కు. చల్లారేటప్పుడు ఇనుప పోత దాదాపు ఒక శాతం కుంచించుకుపోతుంది, 800 మిల్లీమీటర్ల మ్యానిఫోల్డ్ 8 మిల్లీమీటర్లు పొట్టిగా వచ్చి బోల్టు రంధ్రాలు కలవవు. కుంచింపు కలిపి చెక్క ప్యాటర్న్ చేయించి, వచ్చిన పోతను నీటి ఒత్తిడితో పరీక్షించాకే ఇంజిన్ మీద పెట్టాలి. హీట్ ఎక్స్‌ఛేంజర్‌లో గొట్టాలు కారుతుంటే రెండు చివర్లా బిరడాలు కొట్టి నడపొచ్చు, పదో వంతు గొట్టాలు దాటనంతవరకే. కొత్త గొట్టాలు వేయించేటప్పుడు క్యుప్రో-నికెల్ 90/10 అని గట్టిగా చెప్పండి. మామూలు ఇత్తడిలోని జింకు ఉప్పునీటికి కరిగిపోయి గొట్టం పెళుసవుతుంది.

లారీ ఇంజెక్షన్ పంపును యథాతథంగా బోటుకు ఎక్కించడం తరచూ జరిగే తప్పు. లారీకి లోడు మారుతూ ఉంటుంది, బోటు ప్రొపెల్లర్ గంటల తరబడి ఒకే లోడు పెడుతుంది. గవర్నర్ (ఇంజిన్ వేగాన్ని అదుపు చేసే భాగం) వేగమూ, డీజిల్ పరిమాణమూ బోటుకు తగ్గట్టు క్యాలిబ్రేషన్ బెంచి మీద సెట్ చేయించకపోతే నల్లపొగ వస్తుంది, పిస్టన్ నెత్తి కాలుతుంది. లారీ సంపు (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) కూడా కుదరకపోవచ్చు. బోటులో ఇంజిన్ వెనక్కి వాలి ఉంటుంది, ఆయిల్ పీల్చే గొట్టం గాలి పీల్చుకునే ప్రమాదముంది.

సెకండ్ హ్యాండ్‌లో గుజరాత్‌లోని అలంగ్ పాత ఓడల మార్కెట్ అడగదగినది. అక్కడ లైఫ్‌బోట్ ఇంజిన్లు, పంపులు, కూలర్లు అమ్మకానికొస్తాయి. హెడ్ కొనేముందు ప్రెషర్ టెస్ట్ చేయించి, వాల్వు సీట్ల మధ్య పగుళ్లు చూపించమనండి. ఇంజెక్టర్ నాజిల్ కొత్తదైనా టెస్టర్ మీద చుక్కలు కారకుండా చిమ్ముతోందో లేదో చూశాకే డబ్బు ఇవ్వండి.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. ఇంజిన్లన్నీ ఆ 61 రోజుల్లోనే విప్పుతారు కాబట్టి లేత్ షాపుల్లో వరుసలుంటాయి, మామూలు బేరింగు సైజులు కూడా అయిపోతాయి. పోతపని, గొట్టాల పని, దూరం నుంచి రావాల్సిన స్పేర్ల ఆర్డరు ఫిబ్రవరిలోనే ఇచ్చేయండి. వేటకు బయల్దేరే బోటులో రెండు ఇంపెల్లర్లు, వాటి గ్యాస్కెట్లు, డీజిల్ ఫిల్టర్లు, రాగి వాషర్లతో సహా ఒక ఇంజెక్టర్, ఒక హైప్రెషర్ పైపు, బెల్టులు తడి తగలని డబ్బాలో ఉండాలి. పైపు పొడవు, వంపు సిలిండరుకో రకంగా ఉంటాయి కనుక దాని మీద సిలిండరు నంబరు రాసి పెట్టండి.