రాయి మీద పచ్చని మచ్చ రాగిదేనా? ఇంట్లోనే తెలుసుకోవడం ఎలా?

పూజకు వాడే రాగి చెంబును తోమకుండా మూలన పెడితే కొన్నాళ్లకు అంచు వెంట పచ్చని చిలుము పడుతుంది. కొండరాయిలోని రాగికీ దాదాపు ఇదే జరుగుతుంది. కర్నూలు వైపు గడివేముల దగ్గర ‘గని’ అనే ఊరుంది. పేరుకు తగ్గట్టే అక్కడ పూర్వకాలపు రాగి తవ్వకాల గుర్తులున్నాయి. అలాంటి చోట పచ్చని మచ్చ ఉన్న రాయి దొరికితే ఇలా పరీక్షించండి. పాత గుంటల్లోకి మాత్రం దిగకండి. స్థలం వారి అనుమతితో, బయట పోసిన రాళ్లలోనే వెతకండి.

ముందు ఎర్రగా తుప్పు పట్టిన రాయిని చూడండి. భూమి లోపల రాగి ఎక్కువగా ఇనుము, గంధకంతో కలిసి ఇత్తడి రంగు చాల్కోపైరైట్‌గా ఉంటుంది. వాన నీరు, గాలి తగిలితే అది విడిపోతుంది. ఇనుము తుప్పుగా పైనే మిగిలిపోతుంది. రాగి మాత్రం మైలుతుత్తంలా నీటిలో కరిగి కిందికి దిగుతుంది. ఆ పుల్లని నీటికి సున్నపురాయి తగిలితే పులుపు విరిగి, రాగి పచ్చని మాలకైట్‌గానో నీలి అజురైట్‌గానో పేరుకుంటుంది.

పచ్చనిదల్లా రాగి కాదు. పులివెందుల వైపు రాతినార (ఆస్బెస్టాస్) దొరికే చోట సర్పెంటైన్ అనే ఖనిజం కూడా పచ్చగానే ఉంటుంది. రాయి నుంచి పీచు లేస్తే అసలు గీకకండి, ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదం.

పీచు లేకపోతే పచ్చని భాగాన్ని మాత్రమే తడిపి గీకండి. కింది సున్నపురాయి కలిస్తే అది కూడా వెనిగర్‌లో బుడగలు వేసి మోసం చేస్తుంది. ఆ పొడిని వంటకు వాడని గాజు సీసాలో వేసి వెనిగర్ పోయండి. మాలకైట్ అయితే సన్నని బుడగలు వస్తాయి. రాత్రంతా ఉంచితే నీరు లేత నీలిపచ్చగా మారుతుంది. అందులో గరుకు కాగితంతో రుద్దిన ఇనుప మేకు వేయండి. కాసేపటికి మేకు మీద ఎర్రని రాగి పూత తేలుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ఆ ఎరుపు కొత్తగానే ఉంటుంది!

అరుదైన రాగి ఖనిజాలు కావాలంటే రాగి పక్కన ఏ లోహం ఉందో చూడాలి. కడప జిల్లా జంగంరాజుపల్లెలో సీసం, జింకు ఖనిజాలున్నాయి. రాగికి సీసం తోడైన చోట ముదురు నీలి లినరైట్, జింకు తోడైన చోట ఈకల్లాంటి లేత నీలి ఆరికాల్సైట్ ఏర్పడే వీలుంది. లినరైట్‌ను చూసి చాలామంది అజురైట్ అనుకుంటారు. వెనిగర్‌లో అజురైట్ పొడి బుడగలు వేస్తుంది, లినరైట్ వేయదు. సీసం ఉన్న రాళ్లను తాకాక చేతులు సబ్బుతో కడగాలి.

చివరగా, ఏ ఊళ్లో, ఏ రాయిని ఆనుకుని దొరికిందో చీటీ మీద రాసి ముక్కతో పాటే పెట్టెలో ఉంచండి.